హైటెక్ సిటీ వైపు రోజూ వెళ్లేవాళ్లకి: మెట్రోనా, బస్సా, ఎంఎంటీఎస్ లోకల్ రైలా, సొంత బండా?

హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లూ, ఇన్నాళ్లూ ఇంటి నుంచే పని చేసి ఇప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అని మెయిల్ అందుకున్నవాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. రోజూ దేనిమీద వెళ్లాలి? జవాబులు మాత్రం పది రకాలుగా వస్తాయి. మెట్రో ఉండగా ఇంకేం కావాలి అని ఒకరు, బండి లేకుండా ఈ ఊళ్లో బతకలేం అని ఇంకొకరు, ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా అని మరొకరు. అందరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరి ఆఫీసు ఎక్కడుందో దాన్నిబట్టి చెబుతున్నారు. ఉప్పల్లో ఉన్న మనిషికి పనికొచ్చే సలహా కూకట్‌పల్లిలో ఉన్న మనిషికి పనికిరాదు. అందుకే ఇక్కడ ఏది గొప్ప అని కాకుండా ఎవరికి ఏది సరిపోతుంది అని చూద్దాం.

ముందు దేన్ని చూడాలో తేల్చుకోండి

మొదటిది, గుమ్మం దాటిన దగ్గర్నుంచి సీట్లో కూర్చునేదాకా పట్టే మొత్తం సమయం. చాలామంది రైలు ఎక్కి దిగే సమయమే లెక్క వేసుకుంటారు. స్టేషన్ దాకా షేర్ ఆటో, అక్కడ మెట్లు, బ్యాగు స్కానింగ్, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపు, దిగాక మళ్లీ ఆటో, ఆఫీసు క్యాంపస్ గేటు నుంచి లిఫ్టు దాకా నడక, ఇవన్నీ కలిపితే తేలిగ్గా అరగంట. నా దృష్టిలో ఈ ఊళ్లో ఎంపికని నిర్ణయించేది ఈ రెండు చివరలే, మధ్యలో ఏ వాహనం అన్నది కాదు.

రెండోది, చెడ్డ రోజున ఎంత చెడిపోతుంది అన్నది. మామూలు రోజున గంట పట్టే దారి వాన పడ్డ సాయంత్రం రెండున్నర గంటలు పడితే, మీ జీవితం ఆ రెండున్నర గంటల చుట్టూ తిరుగుతుంది. బిడ్డని క్రెష్ నుంచి తీసుకురావాల్సిన తల్లికి సగటు సమయంతో పని లేదు, ఫలానా టైముకి ఇంట్లో ఉంటానన్న నమ్మకం కావాలి.

మూడోది నెల ఖర్చు. టికెట్టో పెట్రోలో ఒక్కటే కాదు, చివర ఆటోకి ఇచ్చేది, పార్కింగ్, బండి సర్వీసింగ్ కూడా కలపాలి. నాలుగోది ఒళ్లు. నిలబడి ప్రయాణం, నడుం నొప్పి, పొగ, రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా రోడ్డు మీద నిలబడాల్సి రావడం. దీన్ని మనం లెక్కలోకే తీసుకోం, ఆర్నెల్ల తర్వాత డాక్టర్ దగ్గర గుర్తొస్తుంది.

కింద పట్టికలో నాగోలు–రాయదుర్గం లాంటి పొడుగు ప్రయాణాన్ని, అంటే ఒకవైపు దాదాపు 28 కిలోమీటర్లని, నెలకి 22 పనిదినాల లెక్కన వేశాను. పెట్రోలు లీటరు రూ. 107, ట్రాఫిక్‌లో బైకు మైలేజీ 45, కారుది 13 అనుకున్నాను. మీ బండిని బట్టి మార్చుకోండి.

| | నెల ఖర్చు సుమారుగా | చెడ్డ రోజున | పెద్ద ఇబ్బంది |
|---|---|---|---|
| మెట్రో | రూ. 3,000, ఆటోలు అదనం | పెద్దగా మారదు | రద్దీ, దిగాక మిగిలే దూరం |
| ఎంఎంటీఎస్ | కొన్ని వందలే | రైలు ఆగితే ఆగినట్టే | తక్కువ రైళ్లు |
| సిటీ బస్సు | పాస్ రూ. 1,400–1,600, అర్హత ఉన్న మహిళలకు ఉచితం | బాగా చెడుతుంది | ఎప్పుడొస్తుందో తెలియదు |
| బైకు, స్కూటీ | పెట్రోలుకే రూ. 2,900 | వానలో చాలా కష్టం | ప్రమాదం, ఒళ్లు నొప్పులు |
| కారు, ఒక్కరే | పెట్రోలుకే రూ. 10,000 | బాగా చెడుతుంది | ఖర్చు, పార్కింగ్ |

మెట్రో

2017 నవంబర్‌లో మియాపూర్–నాగోలు మధ్య మొదలైంది, 2019లో హైటెక్ సిటీకీ ఆ తర్వాత రాయదుర్గానికీ చేరింది, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మార్గం తోడైంది. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. అప్పటి నుంచి ఒక్క కొత్త స్టేషనూ తెరుచుకోలేదు. ఈలోపు ఊరు కోకాపేట దాటి ఎక్కడికో వెళ్లిపోయింది.

మెట్రోకి ఉన్న అసలు బలం వేగం కాదు, నమ్మకం. పంజాగుట్టలో వాహనాలు బంపర్‌కి బంపర్ తగిలేలా నిలబడినా, వాన దంచికొట్టినా, ఊరేగింపు వచ్చినా పైన రైలు అదే టైముకి వెళ్తుంది. నాగోలు నుంచి రాయదుర్గానికి గంటలోపే. అదే దూరం రోడ్డు మీద సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక లోటుపాట్లు. మొదటిది రద్దీ. రైళ్లు మూడు పెట్టెలవే నడుస్తున్నాయి, స్టేషన్లని మాత్రం ఆరు పెట్టెలకి సరిపడా కట్టారు. ఉదయం తొమ్మిది గంటలకి అమీర్‌పేటలో రెడ్ లైన్ (మియాపూర్–ఎల్బీనగర్) దిగి బ్లూ లైన్ (నాగోలు–రాయదుర్గం) ఎక్కే జనాన్ని చూస్తే ఆ మిగతా మూడు పెట్టెలు ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. సీటు మీద ఆశ పెట్టుకోకండి. గర్భిణులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పదిన్నర తర్వాత బయల్దేరేలా షిఫ్ట్ అడగడం మంచిది, అడగడానికి మొహమాటపడకండి.

రెండోది ఛార్జీ. 2025 మేలో పెంచారు, గొడవ జరిగాక పది శాతం తగ్గించారు. ఇప్పుడు కనీసం రూ. 11, గరిష్ఠం రూ. 69. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పొడుగు ప్రయాణానికి మెట్రో, బైకు ఖర్చు దాదాపు సమానం. అదే పది పదకొండు కిలోమీటర్ల ప్రయాణానికి మెట్రో రూ. 47, అంటే నెలకి రూ. 2,068, బైకు పెట్రోలు మాత్రం పదకొండు వందలకి అటూ ఇటూ. భార్యాభర్తలిద్దరూ ఒకే వైపు ఒకే బండి మీద వెళ్తుంటే ఈ తేడా మూడింతలవుతుంది. ప్రజా రవాణా అన్నాక సొంత బండి కంటే చవగ్గా ఉండాలి కదా. మధ్యతరగతి మనిషి దగ్గరి దూరాలకి మెట్రో వదిలేసి స్కూటీ తీస్తున్నాడంటే తప్పు అతనిది కాదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, దారి వంపు. మ్యాప్ చూడండి. మియాపూర్ నుంచి వచ్చే లైను అమీర్‌పేట దాకా లోపలికి వస్తుంది, అక్కడ్నుంచి హైటెక్ సిటీ లైను మళ్లీ బయటికి వెళ్తుంది. కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద ఏడు కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటే మెట్రోలో దానికి రెట్టింపు దాటి తిరగాలి, మధ్యలో లైను మారాలి, ఛార్జీ కూడా ఆ తిరుగుడు దూరానికే కట్టాలి. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వాళ్లు ఇంటి పక్కనే స్టేషన్ ఉంది కదా అని మురిసిపోయి అద్దె ఎక్కువ పెట్టి దిగితే నష్టపోయేది ఇక్కడే.

నాలుగోది, రాయదుర్గం తర్వాత ఏంటి? గచ్చిబౌలి కూడలి అక్కడ్నుంచి నాలుగు కిలోమీటర్లు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఏడెనిమిది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆ ఏడు కిలోమీటర్లకే ముప్పావుగంట పోతే మెట్రో మిగిల్చిన సమయమంతా అక్కడే హారతి కర్పూరం. మీ ఆఫీసు రాయదుర్గం స్టేషన్ నుంచి షటిల్ నడుపుతుందా అని హెచ్‌ఆర్‌ని మొదటి రోజే అడగండి. షటిల్ ఉంటే మెట్రో, లేకపోతే మళ్లీ ఆలోచించండి.

ఎంఎంటీఎస్

2003 ఆగస్టులో వచ్చింది, మెట్రో కంటే పద్నాలుగేళ్లు పెద్దది, ఛార్జీ ఇప్పటికీ అయిదు రూపాయల నుంచి మొదలు. చందానగర్, హఫీజ్‌పేట, లింగంపల్లి వాళ్లకి హైటెక్ సిటీ స్టేషన్ ఒకటి నుంచి మూడు స్టాపుల దూరం. ఇంత చవగ్గా, ఇంత తొందరగా ఇంకేదీ తీసుకెళ్లదు, రైలు వస్తే.

ఆ రైలు రావడమే సమస్య. ఎంఎంటీఎస్‌కి సొంత పట్టాలు దాదాపుగా లేవు, దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు నడిచే పట్టాల మీదే ఇవీ నడవాలి, వాటికి దారివ్వడానికి ఇవి ఆగాలి. పట్టాల పనులు జరిగినప్పుడు ముందు రద్దయ్యేవీ ఇవే. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు పొడిగించారు గానీ, ఆ వైపు రైళ్లు ఎంత తక్కువంటే ఒకటి తప్పితే ఇంకోదాని కోసం ఎదురుచూడటం కన్నా బస్సెక్కడం మేలు. పైగా హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ అంటే సైబర్ టవర్స్ పక్కన అనుకునేరు, మధ్యలో ఇంకో రెండు మూడు కిలోమీటర్లుంది.

మీ ఇల్లు లింగంపల్లి వైపు, ఆఫీసులో పంచింగ్ టైము కచ్చితం కాదు అంటే ఎంఎంటీఎస్ నెల పాస్ తీసుకోండి, తప్పిన రోజున బస్సో బైక్ ట్యాక్సీనో ఎక్కినా డబ్బు మిగులుతుంది. భరత్‌నగర్, ఖైరతాబాద్, బేగంపేట, మలక్‌పేట స్టేషన్లలో మెట్రో దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అక్కడ మారే వీలూ ఉంది. పది నిమిషాలు ఆలస్యమైతే హాఫ్ డే వేసే చోట పనిచేస్తుంటే మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

సిటీ బస్సు

ఈ ఊరిని మోస్తున్నది ఇప్పటికీ బస్సే. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, మాల్స్‌లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, వీళ్లంతా ఎక్కేది బస్సే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. నెలకి పదిహేను వేలు సంపాదించే మనిషికి పదిహేను వందలు మిగలడం అంటే ఏంటో ఆ ఇంట్లో వాళ్లకే తెలుసు.

ఒక జాగ్రత్త. ఉచితం తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే. గుంటూరు నుంచో విశాఖ నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయిలు ఆధార్‌లో పాత చిరునామాతో ఎక్కితే టికెట్ తీసుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఇక్కడి బస్సులకి వర్తించదు. మెట్రో డీలక్స్ బస్సుల్లో ఎవరికీ ఉచితం లేదు, ఎక్కే ముందు బోర్డు చూడండి.

మగవాళ్లకి 2025 జూన్ పెంపు తర్వాత ఆర్డినరీ నెల పాస్ రూ. 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ రూ. 1,600. అదే ఏడాది అక్టోబర్‌లో టికెట్లు కూడా పెరిగాయి కాబట్టి రోజూ వెళ్లేవాళ్లు టికెట్ కొనుక్కుంటూ పోతే తడిసి మోపెడవుతుంది, పాసే తీసుకోండి. వారానికి రెండు రోజులే ఆఫీసు ఉన్నవాళ్లకి పాస్ దండగ.

ఇబ్బంది అంతా బస్సుల సంఖ్యతో. జనం పెరిగారు, ఉచిత ప్రయాణంతో ఇంకా పెరిగారు, బస్సులు ఆ మేరకు పెరగలేదు. నలభై నిమిషాలు ఒక్కటీ రాదు, తర్వాత మూడు ఒకేసారి వస్తాయి, ఎందుకంటే మూడూ వెనక ఒకే జామ్‌లో ఇరుక్కున్నాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లే కాలేజీ పిల్లల్ని చూసి మనం కోప్పడతాం గానీ, లోపల చోటుంటే వాళ్లెందుకు వేలాడతారు? ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ కట్టాం, బస్సుకంటూ ఒక్క వరస వదల్లేదు. అరవై మందిని మోసే బస్సు, ఒక్కరున్న కారు వెనకాల అదే క్యూలో నిలబడుతోంది. నాకు ఈ ఊరి మీద కోపం వచ్చేది ఈ ఒక్క విషయంలోనే, అదీ చాలా వస్తుంది.

బస్సు ఎవరికి నప్పుతుంది? బస్సు మొదలయ్యే చోట ఎక్కేవాళ్లకి. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్, కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె, కోఠి–పటాన్‌చెరు 218 లాంటివి మొదటి స్టాపులో ఎక్కితే సీటు దొరుకుతుంది, ఏడున్నర లోపు అయితే రోడ్డూ ఖాళీగా ఉంటుంది. మధ్యలో అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో తొమ్మిదింటికి ఎక్కాలనుకుంటే చుక్కలు కనిపిస్తాయి. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్ పెట్టుకోండి, బస్సు ఎక్కడుందో చూసుకుని ఇంట్లోంచి బయల్దేరొచ్చు, అన్ని బస్సులూ అందులో కనిపించకపోయినా ఎండలో నిలబడటం కొంత తగ్గుతుంది.

సొంత బైకు, స్కూటీ

పది కిలోమీటర్ల లోపు ప్రయాణానికి సమయం, ఖర్చు రెండూ కలిపి చూస్తే చాలామందికి దీన్ని కొట్టేది లేదు. గల్లీల్లోంచి వెళ్లొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయల్దేరొచ్చు, చివరి రెండు కిలోమీటర్ల బాధ లేదు. కూకట్‌పల్లి, మూసాపేట వైపు నుంచి మాదాపూర్ వెళ్లేవాళ్లకి 2022లో తెరిచిన కైత్లాపూర్ బ్రిడ్జి వల్ల జేఎన్టీయూ రోడ్డు తప్పించుకునే వీలు కలిగింది. మెహిదీపట్నం వైపు వాళ్లకి షేక్‌పేట ఫ్లైఓవర్ అలాంటిదే, దిగాక మళ్లీ బయోడైవర్సిటీ దగ్గర ఆగాల్సిందే అనుకోండి.

పదిహేను కిలోమీటర్లు దాటితే నా సలహా మారుతుంది. రోజుకి రెండు గంటలు బైకు మీద అంటే నడుం, మెడ, ఊపిరితిత్తులు మూడూ జీతం అడుగుతాయి. అలసిపోయి ఇంటికి వచ్చేటప్పుడే ప్రమాదాలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాన సంగతి సరేసరి, నీళ్లు నిలిచిన రోడ్డు మీద మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనిపించదు. ఇంకో విషయం, కొత్తవాళ్లు గుర్తుంచుకోండి, ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ, ఆరాంఘర్–మెహిదీపట్నం మధ్య పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ టూవీలర్లని రానివ్వరు. మ్యాప్ ఆ దారిన అరగంట అని చూపిస్తే అది మీకు కాదు.

వాన ఎక్కువైతే బండి ఆఫీసులోనే వదిలేసి మెట్రోలో రండి. ఒక రాత్రి పార్కింగ్‌లో ఉన్నంతమాత్రాన బండికేం కాదు.

కారు, క్యాబ్, బైక్ ట్యాక్సీ

ఒక్కరే కారులో రోజూ పొడుగు దూరం వెళ్లడం నేను ఎవరికీ చెప్పను, ఇంట్లో నడవలేని పెద్దవాళ్లో చంటిపిల్లలో తోడుంటే తప్ప. అదే ముగ్గురు కలిస్తే మనిషికి రూ. 3,400 లోపే పడుతుంది, ఏసీలో కూర్చుని వెళ్తారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగితే తోడు దొరుకుతారు.

క్యాబ్, ఆటో, బైక్ ట్యాక్సీలని రోజువారీ దారిగా కాకుండా మెట్రోకి అటూ ఇటూ అతుకులుగా వాడుకోండి. వాన పడగానే రేటు రెట్టింపవుతుంది, బుక్ చేసినవాళ్లు క్యాన్సిల్ చేస్తారు, సరిగ్గా మీకు అవసరమైనప్పుడే చేతికందవు. రాత్రి షిఫ్ట్ ఉన్న మహిళలు ఆఫీసు క్యాబ్ హక్కుగా అడగండి. మెట్రో రాత్రి 11కి ఆగిపోతుంది, ఆ తర్వాత బస్సుల మీద ఆధారపడటం కుదరదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్, నాగోలు, తార్నాక నుంచి హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్‌కి అయితే కళ్లు మూసుకుని మెట్రో. స్టేషన్ దాకా స్కూటీ మీద వెళ్లి అక్కడ పార్క్ చేయడం ఇంకా మేలు, పార్కింగ్ రుసుము ఎంతో ముందే కనుక్కోండి. దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లు అమీర్‌పేటలో మారాలి, నాగోలు లైను వాళ్లకి ఆ బాధా లేదు.

అదే వైపు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే మెట్రోతో పాటు ఆఫీసు షటిల్ ఉండాలి. అది లేకపోతే నిజాయితీగా చెప్పాలంటే మంచి దారి లేదు. ఇల్లు మారడమో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగడమో చేయాలి.

కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వాళ్లకి టూవీలరో బస్సో. టూవీలర్ నడపలేని వాళ్లు ఎనిమిది లోపు బయల్దేరగలిగితే బస్సు బాగానే ఉంటుంది. లింగంపల్లి, చందానగర్ వాళ్లకి ఎంఎంటీఎస్, వెనకాల బస్సు అండగా. మెహిదీపట్నం, అత్తాపూర్, టోలీచౌకి, పాతబస్తీ వాళ్లకి ఆ దారిలో మెట్రో లేదు, పాతబస్తీకి మొదటి దశలోనే రావాల్సిన లైను ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. అక్కడ బస్సో బైకో తప్ప ఎంచుకోవడానికే ఏం లేదు. అల్వాల్, కొంపల్లి వాళ్లు జేబీఎస్ దాకా బస్సులోనో బండి మీదో వచ్చి, పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో బ్లూ లైను ఎక్కి వెళ్లడం మేలు. మధ్యలో వాహనం మారడం విసుగే, అయినా సికింద్రాబాద్ నుంచి మాదాపూర్ దాకా రోడ్డు మీద వెళ్లడంతో పోలిస్తే ప్రాణానికి హాయి.

ఇంకా ఇల్లు తీసుకోనివాళ్లకి

బండి ఏది కొనాలి అని అడిగే ముందు ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అని అడగండి. ఆఫీసు మాదాపూర్ వైపైతే మాదాపూర్‌లోనే ఉండక్కర్లేదు. బ్లూ లైను మీద, స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్ లాంటి చోట అద్దె తక్కువ, రైలు మారే పని లేదు. కేపీహెచ్‌బీలో స్టేషన్ ఎదురుగా ఉన్న ఫ్లాట్ కన్నా హైటెక్ సిటీకి వెళ్లే మనిషికి హబ్సిగూడలో స్టేషన్ దగ్గర ఇల్లే రోజువారీగా తేలిక, మ్యాప్‌లో దూరం ఎక్కువ కనిపించినా సరే. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారమో మంగళవారమో సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు దగ్గర్నుంచి ఆ ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూసి, దగ్గరే అనుకోకండి.

కొనేవాళ్లకి ఇంకో మాట. రాయదుర్గం నుంచి కోకాపేట, మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్, నాగోలు నుంచి ఎయిర్‌పోర్టు, ఇలా 76.4 కిలోమీటర్ల రెండో దశకి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో కేంద్రానికి ప్రతిపాదన పంపింది. బ్రోచర్లలో ఆ స్టేషన్లన్నీ ఇప్పటికే కట్టేసినట్టు గీసి చూపిస్తున్నారు. బస్సుల విషయంలోనూ కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది, అవి రోడ్డెక్కితే పైన బస్సు గురించి రాసినదాంట్లో సగం మార్చి రాయాల్సి వస్తుంది, రాయాలనే కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఇంకా పిల్లర్ కూడా పడని స్టేషన్ పేరు చెప్పి చదరపు అడుగుకి ఎక్కువ అడిగితే ఇవ్వకండి, ఈ రోజు ఆ ఇంటి ముందు ఏ బస్సు ఆగుతుందో, ఎంతసేపటికి ఒకటి వస్తుందో అక్కడి పాన్ డబ్బా అతన్ని అడిగి దాన్నిబట్టే బేరమాడండి.